స్వాధీనం చేసినాము అని రాశాను

పుంగనూరులో దస్తావేజులు రాయడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. మొదటిసారి జాగా కొనేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇన్నేళ్లలో పెద్దగా మారలేదు. బ్యాంకు లోనిస్తుందా, చేతిలో ఎంతుండాలి, భార్య పేరున రాస్తే మేలా మన పేరునా, ఈసీ అంటే ఏమిటి. ఆ స్థలం మీద ఇదివరకు జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితమని చెబుతాను. చెప్పీ చెప్పీ నా మాట నాకే వినబడటం మానేసింది.

రెండేళ్ల కిందట సోమల నుంచి ఒకామె వచ్చింది. నాలుగు ఆవులు పెట్టుకుని డెయిరీకి పాలు పోసే మనిషి. టౌనులో చిన్న జాగా కొని, ఇల్లు కట్టి బాడుగకు ఇవ్వాలని ఆమె ఆశ. అమ్మేవాడు ఇచ్చిన కాగితాలు నా బల్ల మీద పెట్టింది. ఈసీలో ఏ తాకట్టూ లేదు. పాత అమ్మకాల దస్తావేజులు కూడా వరసగా ఉన్నాయి. అన్నీ బాగున్నాయమ్మా అన్నాను. ఆమె లేవలేదు.

"ఆడ ఇప్పుడు ఎవురుండారో ఈ కాగితంలో ఉంటాదా అప్పా?"

"అది ఇందులో రాదమ్మా."

"అయితే నేను పొయ్యి సూసొస్తాను."

భోజనం వేళ కావడంతో నాకు విసుగొచ్చింది. ఆమె ఆటో ఎక్కి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చింది. ఆ జాగాలో ఒక ముసలామె రేకుల షెడ్డు వేసుకుని, మేకలతో ఏళ్ల తరబడి ఉంటోందట. అమ్మేవాణ్ణి అడిగితే, రిజిస్ట్రేషన్ అయిపోనీ, ఆమెను వారంలో లేపిస్తానన్నాడట.

"నేనూ గొడ్లు పెట్టుకోనుండేదాన్నే. లేసి పొమ్మని ఆయమ్మకు నేను సెప్పలేను. నాకొద్దప్పా," అని కాగితాలు నా దగ్గరే వదిలేసి బస్సుకు వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే నా దగ్గరున్న ఆ కాగితాల మీదే రాయించడానికి అమ్మేవాడు వచ్చాడు. ఈసారి కొనేది కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరుకు ఉద్యోగానికి పోయివచ్చే ఒకాయన. లోను అప్పటికే మంజూరైంది. బ్యాంకు తరఫున జాగా చూడ్డానికి వచ్చిన మనిషి రోడ్డు మీద నుంచే ఫోటో తీసుకుని పోయాడట. ఈయన అడిగినవీ పాత ప్రశ్నలే. షెడ్డు సంగతి చెప్పాలనుకున్నాను. అమ్మేవాడు పక్కనే కూర్చుని ఉన్నాడు, బయట ఇంకో నలుగురు కాచుకుని ఉన్నారు. నోరు విప్పితే గంటసేపు గొడవ. ఆ ఓపిక నాకు ఆరోజు లేదు. ఇంతకు మించిన కారణం వెతికాను గానీ దొరకలేదు. "సదరు ఆస్తిని ఈ దినమే ఖాళీగా తమ స్వాధీనం చేసినాము" అని ప్రతి దస్తావేజులో రాసే వాక్యమే అందులోనూ రాశాను.

ముసలామె కదల్లేదు. అమ్మినవాడు ఫోను ఎత్తడం మానేశాడు. పోయిన వానాకాలంలో కుప్పం ఆయన నా దగ్గరికి వచ్చాడు. నెలనెలా జీతంలోంచి లోను కంతు పోతోందనీ, పునాదికి ముగ్గు కూడా పోయలేకపోయాననీ చెప్పాడు. గొంతులో కోపం లేదు.

"ఆయమ్మ ఆడ ఉండేది మీకు ముందే తెలుసా సార్?"

తెలుసన్నాను. ఆయన బల్ల మీది గమ్ము సీసా మూత బిగించి పక్కన పెట్టాడు.

"సెప్పింటే నేను కొనుండను గదా," అన్నాడు. తర్వాత, అమ్మినవాడు అన్నీ తెలిసే అమ్మాడని కోర్టులో చెబుతారా అని అడిగాడు. చెబుతానన్నాను.

ఆయన వేసిన కేసులో సాక్ష్యానికి రెండుసార్లు మదనపల్లె పోయాను. మొదటిసారి వాయిదా పడింది. రెండోసారి బోనెక్కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తెలిసీ ఎందుకు రాశారని అవతలి లాయరు అడిగాడు. అలిసిపోయి ఉన్నానన్నాను. అదీ రాసుకున్నారు. తిరుగు బస్సులో సీటు దొరకలేదు. పుంగనూరు దాకా నిలబడే వచ్చాను. తీర్పు ఇంకా రాలేదు.