కోడి బొమ్మ కాగితానికి దండం

అక్షరం ముక్క రాని ఆ రోజుల్లో నాకు కాగితమంటే ఉన్నంత భయం పామంటే కూడా లేదు. పామైతే కట్టె తీసుకుంటాం, కాగితాన్ని ఏం చేస్తాం? అందులో ఏముందో తెలియదు, పారేస్తే ఏం మునుగుతుందో తెలియదు. ఆళ్లగడ్డలో ఉన్నంతకాలం ఈ భయం నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, ఎందుకంటే మా ఇంటికి కాగితాలే వచ్చేవి కావు. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే పని నేర్చుకుని, ఆ పని మీద కువైట్ పోయాక మొదలైంది అసలు తంటా.

కంపెనీ ఇచ్చిన ఫ్లాటులో నేనూ నంద్యాల చిచ్చా ఉండేవాళ్లం. చిచ్చా అంటే చిన్నాన్న అని. నాకు చుట్టమేమీ కాదు, పదేళ్లు పెద్దవాడు, బండలు పరిచే మేస్త్రీ, అందరూ అట్లా పిలుస్తుంటే నేనూ పిలిచాను. నమాజులో చదివేవన్నీ ఆయనకు నోటికి వచ్చు గానీ అక్షరాలు గుర్తుపట్టలేడు. నేను దిగిన మొదటి రోజే, నేల మీదున్న కాగితాన్ని తొక్కబోతే చెయ్యి పట్టి లాగాడు. "చూసి నడువప్పా. అరబ్బీ రాసిండాది. దేవుని మాట అయ్యుంటే ఏం జేస్తావ్? తొక్కొద్దు, పారేయొద్దు" అని, దాన్ని కళ్లకద్దుకుని అలమరలో పెట్టాడు. నేను ఆ మాటను చట్టం లాగా పట్టుకున్నాను. (పరాయి దేశం, వాళ్ల దేవుడితో మనకెందుకు పేచీ అని.)

ఆ దేశంలో అరబ్బీ రాయనిది ఏముంటుందో మీరే చెప్పండి. రొట్టెల కవరు, పాల డబ్బా, తలనొప్పి మాత్రల అట్ట, దుకాణాల వాళ్లు తలుపు కింద తోసిపోయే రంగు కాగితాలు. ఏడేళ్లలో మేం ఒక్కటీ పారేయలేదు. అలమర నిండింది, మంచాల కింద నిండింది, ఆఖరికి వంటగదిలో పొయ్యి దగ్గరికి పక్కకు తిరిగి పోవాల్సి వచ్చేది. చిచ్చాకే ముందు అనుమానం వచ్చింది. ఒకరోజు ఒక కాగితం నా ముందు పెట్టి, "ఇదేందప్పా, కోడి బొమ్మ ఉండాది. దేవుని మాటల్లో కోడి యాడ ఉంటాది?" అన్నాడు.

"బొమ్మ పక్కన ఏం రాసినారో నీకు తెలుసునా?"

"తెల్దు."

"తెల్దు గదా. ఆడ పెట్టు."

నేర్పినవాడి కంటే నేర్చుకున్నవాడు అట్లా ముదిరాడు. నెలకోసారి బిల్డింగు కాపలాదారు మా తలుపుకు ఒక కాగితం అంటించి, లోపలికి చెయ్యి చూపి ఏదో అరిచి పోయేవాడు. మేం సలాం కొట్టేవాళ్లం. ఎర్ర గీతలున్న కాగితం కాబట్టి ఇది మామూలుది కాదని నాకు నమ్మకం. చిరగకుండా నీళ్లతో తడిపి ఊడదీసి, ఆరబెట్టి, కొత్త తువ్వాల్లో చుట్టి దాచి, రోజూ దండం పెట్టుకునేవాణ్ణి.

పని ముగిసింది, ఇద్దరికీ ఇంటికి టికెట్లు వచ్చాయి. పోయే రోజు మధ్యాహ్నం ముదీర్ (మేనేజరును అక్కడ అట్లా అంటారు) వచ్చి, లోపల అడుగు పెట్టే చోటు లేక గడప దగ్గరే నిలబడ్డాడు. మా పాస్‌పోర్టులు రెండూ జేబులోంచి తీసి చూపించి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. సాయంత్రం నమాజు లోపల గది ఖాళీ అయితే ఇస్తానని వచ్చీరాని హిందీలో చెప్పి పోయాడు. విమానం ఆ రాత్రికే. దేశం వదిలి పోనిచ్చే ముద్రకు కూడా అదే ఆఖరు రోజు. ఇది తప్పితే ఇల్లు చూసేది మళ్లీ ఎప్పటికో.

"పారేద్దామప్పా, ఇంగేం జేస్తాం" అన్నాడు చిచ్చా.

"ఏడేండ్లు దాచి పొయ్యే రోజు పాపం జేస్తామా? మనం ఎక్కేది విమానం చిచ్చా. దేవుడుండేది ఆ పక్కనే."

చిచ్చా ఒకసారి పైకి చూశాడు. "అయితే మసీదుకు మోస్తాం పా" అన్నాడు.

దుప్పట్లలో కడితే పదకొండు మూటలయ్యాయి. ఆ ఎండలో నాలుగు వీధులు, నెత్తిన మూటలతో ఆరు తడవలు తిరిగాం. మసీదులో నమాజు చదివించే హజ్రత్ హైదరాబాదు ఆయన, తెలుగు వచ్చు. సంగతి విని, మెచ్చుకోలుగా తల ఊపి మొదటి మూట విప్పాడు. ఒక కాగితం తీసి చదివాడు. ఇంకొకటి తీశాడు.

"ఇది, రెండు కోళ్లు కొంటే ఒకటి ఊరికే. ఇది బొద్దింకల మందు, పిల్లలకు దూరంగా పెట్టాలంట."

చిచ్చా నా వైపు చూడలేదు. నేనింకా ఓడిపోలేదు. తువ్వాలు తీసి రెండు చేతులతో ఇచ్చి, "ఇది సూడండి సామీ, ఇది మాత్రం అసలుది" అన్నాను.

ఆయన ఒకటి చదివాడు, కింద రెండోది చూశాడు, తర్వాత మా మూటల వైపు చూశాడు. "గదిలో చెత్త నిలవ పెట్టరాదు. పెడితే జరిమానా. అన్నీ ఇదే" అని మెట్ల మీద కూర్చుండిపోయి, భుజం మీది గుడ్డతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"దానికే గదప్పా నువ్వు దినామూ దండం పెడ్తాండింది" అన్నాడు చిచ్చా.

"నేర్పినోడివి నువ్వే గదా."

నవ్వు తగ్గాక హజ్రత్ మమ్మల్ని చిన్నబుచ్చలేదు. కొన్ని దుకాణాల పేర్లలో నిజంగానే దేవుడి పేరు ఉంటుందన్నాడు. మసీదులో ఉన్న నలుగురిని పిలిచి, గబగబా అట్లాంటివి ఏరించి తన దగ్గర పెట్టుకున్నాడు. "తక్కినవి పారేయండి. పాపముంటే నాది" అన్నాడు. పెద్ద చెత్తడబ్బా ముందు నిలబడి మొదటి మూట విసరడానికి నాకు చెయ్యి రాలేదు. రెండోది మేలు. ఆఖరివి అయితే పాడుకుంటూ విసిరాను.

ముదీర్ వచ్చేసరికి గది ఊడ్చి, తడిగుడ్డ పెట్టి ఉంది. (ఆ నేల ఎంత అధ్వానంగా పరిచారో నాకు అప్పుడే కనబడింది.) ఆయన అవతలి గోడ దాకా నడిచి, వెనక్కి వచ్చి, పాస్‌పోర్టులు చేతిలో పెట్టాడు. విమానం నేల విడిచాక గానీ చిచ్చా నా మోచెయ్యి విడవలేదు.

ఊరికొచ్చిన చాలా ఏళ్లకు, తల నెరిశాక, సాయంత్రం బడిలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు కనబడిందల్లా చదువుతాను. మొన్న నంద్యాల బస్సులో చెనిక్కాయలు తిని, పొట్లం కాగితం విప్పి ఒక వైపంతా చదివాను, పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. చెయ్యి తుడుచుకుని కిటికీలోంచి పారేశాను. వెనక్కి ఎగిరిపోతున్న దాన్ని చూస్తే నవ్వొచ్చింది. అప్పటి నేను, ఆ కువైట్ పిచ్చోడు, నా పక్క సీట్లో ఉండి ఉంటే, బస్సు ఆపించి, దిగి, ఏరుకుని వచ్చి ఉండేవాడు. నన్ను తిట్టి ఉండేవాడు కూడా.