బోధకుడిగారి బెంచీ

బోధకుడిగారికి లోకంలో ఒకే ఒక్క పిచ్చి: పిచ్చి లేకపోయినా పిచ్చి డాక్టరు దగ్గర కూర్చోవడం.

మంగళవారం వచ్చిందంటే, తెల్లటి నిలువుటంగీతో మేడమీది ప్రార్థన మందిరం మెట్లు దిగి, కింద క్లినిక్ బెంచీ మీద, అదీ వీధి తలుపుకి ఎదురుగా, పెళ్లికొడుకులా కూర్చునేవాడు. దారినపోయే కుక్క తొంగిచూసినా, "మనసు బాగోలేదు, చూపించుకుందామని" అని విన్నవించుకునేవాడు.

డాక్టరు ఆయనకి స్వయానా బావమరిది, భార్య తమ్ముడు. డాక్టరుకి దేవుడంటే ఆమడ దూరం. బావంటే రెండామడలు.

"ఏం రోగం బావా నీకు?"

"ఏమీ లేదు. బెంచీ బాగుంది."

"అయితే పైకి మోసుకుపో."

"మెట్లు ఇరుకురా."

ఊరు ఊరుకుంటుందా? ఒక వారం, ఆయన మందిరంలో హార్మోనియంతో మాట్లాడుతున్నాడన్నారు. మరుసటి వారానికి హార్మోనియమే బదులిస్తోందని తేల్చారు. ఆయన దేన్నీ కాదనలేదు. ఆయన భార్య వచ్చి తన తమ్ముడి మీద పడింది.

"మీ బావకి ఏదో ఒక మాత్ర పడెయ్యరా. తలెత్తుకోలేకపోతున్నా."

"కూర్చోవడానికి మందు లేదక్కా."

ఓ మంగళవారం వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ గుమ్మం దాకా వచ్చి తచ్చాడింది. ఆ మధ్య ఆసుపత్రిలో, జబ్బుపడ్డ తల్లి పక్కన ఆవిడకి కాస్త కునుకు పట్టింది. ఆ కునుకులోనే తల్లి పోయింది. అప్పట్నుంచీ నిద్రంటే పాపమని ఆవిడ కన్ను మూయడం లేదు. మిషను సూది గుడ్డ దాటి గోరులోకి దిగుతోంది.

"అయ్యగారూ, మీరూ వస్తారా ఇక్కడికి?"

"రాకేం? జరుగుతా, కూర్చో తల్లీ."

డాక్టరు మాత్రలిచ్చాడు. పై వారం పొట్లం విప్పకుండానే తిరిగొచ్చింది. గదినిండా పుస్తకాలున్న డాక్టరు తల గోక్కుని, బావని పిలవనా అని అడిగి, ఆవిడ సరేనన్నాక, బెంచీ వైపు కేకేశాడు.

"బావా, ఇది నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు. లోపలికి రా."

బోధకుడు ఆవిడ గోడు విని, "రాత్రంతా మేలుకోవడం దేవుడి ఉద్యోగం కదమ్మా. దాన్ని నువ్వు లాక్కుంటే ఎలా?" అన్నాడు.

"ఆ రోజు నీది నిర్లక్ష్యం కాదు, అలసట," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు మాత్ర వేసుకుంటావా?"

ఆవిడ చాలాసేపు ఏడ్చి, పొట్లం కొంగున కట్టుకుంది.

తరవాతి మంగళవారం చెంప మీద దిండు మడత అచ్చుతో వచ్చింది. బెంచీకి మెత్త కుట్టి తెచ్చింది. బోధకుణ్ణి చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లతో అప్పటికే బెంచీ నిండిపోయింది. పాపం, ఆయనకే చోటు లేదు. అప్పుడు వెలిగింది డాక్టరుకి, బావ ఇన్నాళ్లూ ఏ జబ్బుకి కూర్చున్నాడో.

ఆదివారం ప్రార్థనలో, అక్క చేతిలో హార్మోనియం ఠక్కున ఆగిపోయింది. చివరి వరస బెంచీ మీద తమ్ముడు, డాక్టరు. పక్కనే, మేడ మెట్లెక్కడానికి నెలలుగా మొహమాటపడుతున్న డాక్టరు పేషెంటొకరు, తల వంచుకుని.

బోధకుడు దగ్గరికొచ్చి, బావమరిది వైపు వంగి గుసగుసలాడాడు. "ఏం రోగంరా నీకు?"

"ఏమీ లేదు బావా. బెంచీ బాగుంది."