ఆగిన కాడ

చెల్లెలు పోయి అప్పటికి రెండు నెలలు. నాకు ఏడుపూ రావడం లేదు, ఆకలీ వేయడం లేదు, కవిత్వమూ రావడం లేదు. ఎల్‌బీ నగర్‌లో దిల్‌సుఖ్‌నగర్ బస్సు కోసం కూర్చుని ఉంటే, పక్కనున్న ముసలాయన నా జేబులో పెన్ను చూసి ఒక దవాఖాన చీటీ అందించాడు.

"సారూ, జర రాసిస్తరా? నా ఇంటామె పాటలు కట్టేది. మొన్న దవాఖానల పోయింది. ఆఖరి పాట మర్సిపోతనేమో అని భయమైతున్నది."

ఆయన చెప్తుంటే చీటీ వెనక రాశాను.

"మొక్కిన చేతులల్లనే ముల్లు గుచ్చితివి సామీ, ముల్లు తీసేటందుకు..."

అక్కడ ఆగాడు. "గంతే సారూ. ఆమెకు దమ్ము అందలే."

ఊరుకోలేక, "పెద్దాయనా, 'నువ్వే రావాలె' అని ముగిద్దమా?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "దేవుణ్ణి పిలిసిందో, తిట్టిందో నాకే ఎర్కలేదు. మీరు చెప్పకుండ్రి సారూ. ఆగిన కాడనే ఉండనియ్యుండ్రి."

చీటీ మడిచి జేబులో పెట్టుకుని, నల్గొండ బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మా చిన్నాయన నా భుజం మీద చెయ్యి వేసి, "అంత దేవుని లీల బిడ్డా" అన్నాడు. రెండు నెలలుగా ఆ మాటకు తల ఊపుతూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం, "నాకు తెల్వదు చిన్నాయినా" అన్నాను.

కాసేపటికి ఆకలేసింది.