ముందు సీటు ఇవ్వడం నా తప్పే

1996 ఆఖర్లో నేను చోడవరం–అనకాపల్లి రూట్లో కండక్టర్ని. ఉదయం ఏడున్నర ట్రిప్పు నాది. చెరకు బళ్ళు ఫ్యాక్టరీకి బారులు తీరే రోజులు కావడంతో బస్సు నెమ్మదిగా నడిచేది. స్టేజీ అంటే చార్జీ మారే చోటు. ఏ స్టేజీలో ఎవరు ఎక్కుతారో, ఎక్కడ దిగుతారో కొన్నేళ్ళకి ముఖాలతో సహా కంఠస్థం అయిపోతుంది. అందుకే ఆ అమ్మాయి నా కంట్లో పడింది.

పంతొమ్మిదేళ్ళుంటాయి. చేతిలో చిన్న నోటుబుక్కు. చోడవరంలో ఎక్కి మొదటి స్టేజీ వెంకన్నపాలెంలో దిగిపోయేది. రోడ్డు దాటి, ఎదురొచ్చే బస్సెక్కి వెనక్కి వెళ్ళిపోయేది. వరసగా నాలుగు రోజులు ఇదే తంతు. ఎవడో కుర్రాడి కోసం వస్తోందని నేనూ, డ్రైవరు సింహాచలమూ తేల్చేశాం. ఐదో రోజు అడిగేశాను.

“ఏటమ్మా, రోజూ ఇక్కడ దిగి ఏటి సేస్తన్నావు?”

“ఏటీ లేదు బాబాయ్. దిగి ఎనక్కెళ్ళిపోతన్నాను.”

“మరి రావడం దేనికి?”

“బస్సులో కూకోడం నేర్సుకుంటన్నాను.”

సింహాచలం స్టీరింగు మీద తల వాల్చి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల ముఖం చెమటతో తడిసిపోయి ఉంది.

పేరు నూకరత్నం. అనకాపల్లిలో డిగ్రీ మొదటి సంవత్సరం. ఒకరోజు నిండు బస్సులో గుండె దడదడలాడి, ఊపిరాడక, చచ్చిపోతున్నానని కేకలేసిందట. అప్పట్నుంచి బస్సంటే హడలు. నెలన్నరగా కాలేజీకి వెళ్ళడం లేదు. హాజరు తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వరు. కూర్చోకపోతే చదువు మాన్పించేస్తానని తండ్రి చెప్పేశాడు. గాలి సోకిందని ఇంట్లో తాయెత్తు కట్టించారు. మేనత్త అయితే “సదువెగ్గొట్టడానికి ఏషాలు” అందట. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. చెమట ఎవరైనా వేషానికి తెప్పించుకోగలరా?

కాలేజీ లెక్చరరొకాయన మాత్రం తెలిసినవాళ్ళ కారులో విశాఖపట్నం పంపిస్తున్నాడు. అక్కడి డాక్టరమ్మ చేస్తున్న వైద్యం పేరు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. ఆరో తరగతిలో బడి మానినవాణ్ణి నేను. ఆ పేరు కాగితమ్ముక్క మీద రాయించుకుని లైబ్రరీలో వెతికాను, దొరకలేదు. చివరికి రత్నమే చెప్పింది. బస్సెక్కే ముందు, ఏం జరుగుతుందని మనసు భయపెడుతోందో రాయాలి. దిగాక నిజంగా ఏం జరిగిందో రాయాలి. భయానికి పదికి ఇన్ని అని మార్కులు వెయ్యాలి. భయపడే చోటికే కొద్దికొద్దిగా వెళుతూ ఉండాలి. మాత్రలు లేని వైద్యం గురించి నేను వినడం అదే మొదటిసారి. ఎలా పనిచేస్తుందో చూడాలనిపించింది.

చూస్తూ ఊరుకుంటే బాగుండేది. డ్రైవరు వెనక సీటు ఆమెకి ఆపి ఉంచేవాణ్ణి. వాసన చూడ్డానికి నిమ్మకాయ తెచ్చేవాణ్ణి. మా భాషలో ఒక బెల్లంటే ఆగు, రెండంటే పోనియ్యి. ఆమె చెయ్యెత్తితే చాలు, చెరకు తోటల మధ్యనైనా సరే ఒక బెల్లు కొట్టేసేవాణ్ణి. మూడు వారాల్లో తుమ్మపాల దాకా వచ్చేసింది. ఇక మిగిలింది అనకాపల్లే. అదంతా నా గొప్పే అనుకున్నాను.

ఆ మధ్య రెండు రోజులు సెలవు పెట్టాను. ఆ రెండు రోజులూ ఆమె ఏ బస్సూ ఎక్కలేదు. తర్వాత విశాఖ వెళ్ళొచ్చి, నేల చూపులు చూస్తూ చెప్పింది.

“డాక్టరమ్మ నిమ్మకాయ వొద్దంది. ముందు సీటూ వొద్దంది. నీకూ సెప్పమంది బాబాయ్.”

“అంటే నానే అడ్డమా? మంచి సేస్తే తప్పా?”

బస్టాండులో నలుగురూ చూసేలా అరిచాను. ఆమె నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టింది. ఏం జరుగుతుందనుకున్నావు అన్నచోట, ‘చచ్చిపోతాను’ అని ఉంది. ఏం జరిగింది అన్నచోట, ‘బాబాయి బస్సు కాబట్టి చావలేదు’ అని ఉంది. పేజీ తిప్పాను. అదే మాట. ఇంకో పేజీ. అక్కడా నేనే.

కోపం దిగిపోయింది. బస్సులో ఎవరూ చచ్చిపోరని ఆ పిల్లకి తెలియాలి. చచ్చిపోకుండా నేనే కాపాడుతున్నానని నేర్పాను.

మర్నాడు షరతు ఆమే పెట్టింది. “ఆపమంటే ఎంటనే ఆపొద్దు. ఒక్కసారి అడుగు. మళ్ళీ ఆపమంటే మాత్రం ఆపేయ్.” బస్సు మధ్యలో, చేపలబుట్ట ముసలమ్మ పక్కన కూర్చుంది. తుమ్మపాల దాటగానే లేచి నిలబడింది.

“ఆపు బాబాయ్!”

నా చెయ్యి దానంతటదే బెల్లు తాడు మీదకి పోయింది. వెనక్కి లాక్కున్నాను.

“పదికి ఎంత?”

“తొమ్మిది. కాదు, పదే.”

“ఆపమంటావా?”

“ఏటి బాబూ, నా సేపలకేనా ఆ బేరం?” అంది ముసలమ్మ.

బస్సులో అందరూ నవ్వారు. రత్నం నవ్వలేదు, ఏడవలేదు, కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. ఆపమని మళ్ళీ అనలేదు. కాస్సేపటికి, నేను అడక్కుండానే, “ఎనిమిది” అంది. ఊళ్ళోకి తిరిగేసరికి “ఆరు”. అనకాపల్లిలో వణుకుతూనే దిగి, వణుకుతూనే కాలేజీ దారి పట్టింది.

పదిహేను రోజులు పోయాక ఒక ఉదయం రాలేదు. ‘రైట్’ చెప్పకుండా బస్సు ఆపి ఉంచితే, సింహాచలం తిట్టి మరీ కదిలించాడు. తీరా అనకాపల్లిలో చూస్తే స్నేహితురాళ్ళతో కబుర్లాడుతూ కనిపించింది.

“ఏటే, నా బస్సెక్కలేదేటి?”

“ముందో బస్సొచ్చింది బాబాయ్. ఎక్కేసేను.”

నిజం చెప్పొద్దూ, చిన్నబుచ్చుకున్నాను. అవసరం తీరాక మనల్ని మరిచిపోవడమే మనం చేసిన సాయానికి గుర్తు కావచ్చునని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మార్చిలో రత్నం పరీక్షకి కూర్చుంది. ఏ బస్సులో వెళ్ళిందో నాకు తెలియదు.