హోటల్‌కు నేనేసిన ఎరుపు

ఒక పేరున్న విదేశీ చిత్రకారుడి బొమ్మ అచ్చుప్రతిని నేను మొదట చూసింది వికారాబాద్‌లో, డ్రాయింగ్ టీచర్ల శిక్షణలో. రాత్రిపూట ఒక హోటల్ లోపల: నెత్తురులాంటి ఎర్రగోడలు, ఆకుపచ్చ కప్పు, చుట్టూ వలయాలతో మండే పసుపు దీపాలు. ఎరుపు పక్కన ఆకుపచ్చను అంత ధైర్యంగా పెట్టినవాణ్ని నేనెక్కడా చూడలేదు. తాండూరు రైలెక్కినా కళ్ల ముందు అవే రంగులు.

తాండూరులో నా స్నేహితుడికి చాయ్ హోటల్ ఉండేది. ఏటా రంజాన్‌కు ముందు గోడలకు సున్నం వేయించేవాడు. ఆ ఏడు నేనే ఎగేసుకుపోయి, "ఈసారి నాకిడిసిపెట్టు భాయ్" అన్నాను.

"మీరేస్తె గింక నాకేం ఫికర్ సార్" అన్నాడు.

నాలుగు రోజులు సెలవు పెట్టి గోడలన్నీ ఎర్రగా, కప్పు ఆకుపచ్చగా నింపాను. పట్టపగలు షట్టరు పూర్తిగా ఎత్తి చూసుకుని మురిసిపోయాను. బొమ్మ రాత్రిదని తెలిసీ, రాత్రి ట్యూబులైటు కింద ఒక్కసారి కూర్చుని చూడాలని తోచలేదు. ఆ బొమ్మలో మనుషులు బల్లల మీద తలలెందుకు వాల్చేశారో కూడా ఆలోచించలేదు. నా మోజు నాది.

రంజాన్ మొదలైంది. ఇఫ్తార్ తర్వాత వచ్చేవాళ్లు, నాపరాళ్ల పాలిషింగు పనివాళ్లు, అందరూ చాయ్ తీసుకుని రోడ్డు మీదే నిలబడేవారు. లోపల బల్లలు ఖాళీ. ఏంది భాయ్ అంటే, "లోపల ఉడుకపోస్తుంది సార్, బయట గాలి మంచిగొస్తది" అన్నాడు. నమ్మాను. నమ్మడం హాయిగా ఉంది. పైగా తోటి టీచర్లను తీసుకెళ్లి ఆ గోడల ముందు ఫొటోలు దిగాను.

ఏడాది తిరక్కుండానే హోటల్ మూతపడింది. ఇప్పుడాయన వికారాబాద్‌లో ఎవరిదో బేకరీలో పనిచేస్తున్నాడు. మొన్న మీటింగుకని వికారాబాద్ పోతుంటే ఆయన తమ్ముడు రైల్లో కలిసి అసలు సంగతి చెప్పాడు.

"లోపల కూసుంటె తలకాయ తిరుగుతుందని వచ్చినోళ్లందరు అనేటోళ్లు సార్. నేను తెల్లరంగు డబ్బా గూడ తెచ్చిన. అన్న వద్దన్నడు. సార్ రోజు వస్తడు, చూసిండంటె మనసు ఇరుగుతది అన్నడు."

ఒక్క మాట చెప్పి ఉంటే నేనే తెల్లగా మార్చేవాణ్ని కదా అని వాళ్లన్న మీదే కోపం వచ్చింది. మార్చేవాణ్నన్నది అబద్ధం. చెప్పి ఉంటే అలిగేవాణ్ని. మీకు రంగులేం తెలుసని వాదించేవాణ్ని. ఆ గడప మళ్లీ తొక్కేవాణ్ని కాదు. అది ఆయనకు తెలుసు. హోటలా, నేనా అంటే నన్నే ఉంచుకున్నాడు.

ఆయన వికారాబాద్ వెళ్లి రెండేళ్లు. మీటింగులకని నేను ఎన్నోసార్లు అక్కడికి పోయాను. ఒక్కసారీ ఆయన్ను చూడ్డానికి పోలేదు.