తలపాగా మీది తూనీగ

పొద్దున బాల్కనీలో బట్టలారేసే తీగ మీద తూనీగ వాలింది. ఎనభై దాటాక నా చెవులు సరిగ్గా వినబడవు గానీ, ఎడమ చెవి మాత్రం వెంటనే కోపంతో వేడెక్కింది.

పంతొమ్మిదివందల నలభైలలో, కన్నడసీమలో, బళేపేట బడిలో చదివేటప్పుడు నాకు ఎనిమిదేళ్లు. పాఠం మధ్యలో కన్నడ మేష్ట్రు తలపాగా మీద ఒకటి వాలింది. తలంతా కళ్లే. నాలుగు రెక్కలూ బార్లా చాపింది. వాలగానే రెక్కలు వీపు మీద ముడుచుకునే సన్న రకం కాదు, అసలు సిసలైనది. ఆనందం పట్టలేక ఆయన వైపు వేలు చూపి "తూనీగ!" అని అరిచాను.

కన్నడంలో "నీ" అంటే నువ్వు, "ఈగ" అంటే ఇప్పుడు. ఆయనకు "థూ, నీ ఈగ" అని వినబడింది. "యారిగో థూ అంతీయ?" అని, ఎవర్నిరా థూ అంటున్నావని గద్దిస్తూ చెవి మెలిపెట్టి బెంచీ ఎక్కించారు. ఈలోగా నా సాక్ష్యం కిటికీలోంచి ఎగిరిపోయింది.

"అది పురుగు పేరని చెప్పప్పా!" అని పక్కనున్న వెంకటేశును బతిమాలాను. వాళ్లింట్లోనూ తెలుగే.

"నాకు తెలుగొస్తుందని తెలిస్తే నన్నూ ఎక్కిస్తాడప్పా" అని గొణిగి, వాడు అందరితో కలిసి నవ్వాడు.

మేష్ట్రుకు తెలుగు రాదు గనక ఆయన్ని ఎప్పుడో క్షమించాను. వెంకటేశుకూ అప్పుడు ఎనిమిదేళ్లేనని తెలుసు. కానీ వాడికి తెలుగు వచ్చు.