గంట వినబడిన వైపు

మా అన్నయ్య చేతికి కొత్త వస్తువు వస్తే దాన్ని ఊరంతా చూసేదాకా నిద్రపోడు. నా పెళ్ళికని హైదరాబాదు నుంచి కారులో వచ్చాడు. నన్ను పలకరించే ముందే, అద్దానికి అంటించిన చిన్న తెర చూపించాడు. "జీపీఎస్! ఇక దారి ఎవర్నీ అడగక్కర్లేదు, ఉపగ్రహమే చెబుతుంది" అన్నాడు. అప్పటికి తాడేపల్లిగూడెంలో మా వీధివాళ్ళు అలాంటిది కళ్ళజూడలేదు. అందులోంచి ఒకావిడ ఇంగ్లీషులో ఎడమకి తిరగండి, కుడికి తిరగండి అంటుంటే పనులు వదిలేసి వచ్చి విన్నారు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు!

పెళ్ళి కొల్లేటి మధ్య ఒక లంకలో, పెళ్ళికొడుకు ఊరి చర్చిలో, పదకొండింటికి. అక్కడ గంటల పద్ధతి గట్టిగా పాటిస్తారు. పొద్దున్నే మొదటి గంట, జనం చేరాక రెండో గంట, పెళ్ళికూతురు గుమ్మంలోకి వచ్చినప్పుడు మూడో గంట. ఆ మూడో గంట మోగితేనే పాట అందుకుంటారు. ఇంకో మాట కూడా ముందే కబురు పెట్టారు. పాస్టరు అయ్యగారికి మధ్యాహ్నం కైకలూరు అవతల ఇంకో పెళ్ళి ఉందట. పన్నెండు దాటితే ఆయన ఆగరు, ఆ రోజుకి మన పెళ్ళి లేనట్టే.

అసలు ఆ సంబంధం మీదే నాకో బెంగ ఉండేది. పెళ్ళిచూపుల్లో ఆయన కాఫీ తాగాడు, నేల చూశాడు, లేచి వెళ్ళిపోయాడు. స్కూలు మాస్టారు, బుద్ధిమంతుడు అని అందరూ ఒకటే మెచ్చుకోవడం. "బుద్ధి సంగతి సరే, అసలు నోరుందా?" అని అమ్మని కసిరాను. నేనా, లొడలొడా వాగేదాన్ని. గోడతో కాపురం ఎలా చెయ్యను?

ఆ రోజు అమ్మా నాన్నా చుట్టాలూ ఏలూరు మీదుగా బస్సులో బయల్దేరారు. వెనకే పూలు కట్టిన కారులో అన్నయ్య, నేను, మా మేనత్త. బస్సుని వదలొద్దని నాన్న వందసార్లు చెప్పాడు. భీమడోలు దాటామో లేదో, తెరలో ఆవిడ "టర్న్ లెఫ్ట్" అంది.

"ఏలూరు చుట్టూ తిరగడమెందుకు? గట్ల మీదుగా పోతే సగం దూరమే. బస్సుకంటే ముందుంటాం చూడు!" అని అన్నయ్య బండి తిప్పేశాడు.

"ఒరేయ్, ఈవిడది ఏ ఊర్రా?" అంది మేనత్త.

"ఊరేంటత్తా, అది మిషను!"

"ఇటువైపు చుట్టాలున్నారేమో కనుక్కో. దారి తెలియకుండా అంత ధైర్యంగా ఎలా చెబుతుంది?"

పగలబడి నవ్వుకున్నాం. తారురోడ్డు పోయి కంకరరోడ్డు వచ్చింది, అదీ పోయి మట్టి గట్టు వచ్చింది. రెండువైపులా నీళ్ళు, గుర్రపుడెక్క, తెల్లగా కొంగలు. అద్దం దించి, గాలికి ముసుగు ఎగురుతుంటే పట్టుకుని, నేను పాటందుకున్నాను. ఏం హుషారో ఆ రోజు!

అన్నయ్య ఒక్కసారిగా బ్రేకు కొట్టాడు. ముందు గట్టు లేదు. పెద్ద గండి, నిండా నీళ్ళు.

అప్పటికి రెండేళ్ళ కిందటే సర్కారువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. పేపర్లో చదివాం, ఇళ్ళల్లో రోజుల తరబడి మాట్లాడుకున్నాం, మా చుట్టాల చెరువులే పోయాయి. ఆ సంగతి కారులో ఉన్న ముగ్గురికీ తెలుసు. తెరలో ఆవిడకి మాత్రమే తెలియదు. మేము ముగ్గురం మాకు తెలిసింది పక్కన పెట్టి ఆవిడ మాట విన్నాం! ఆవిడ ఇంకా "గో స్ట్రైట్" అంటూనే ఉంది.

"స్ట్రైటుగా పోతే పెళ్ళి కాదురా, బాప్తిస్మం అవుతుంది!" అని మేనత్త అరిచింది.

బండి తిప్పడానికి చోటు లేదు. వెనక్కి నడపబోతే చక్రం బురదలో దిగబడింది. పదకొండు దాటేసింది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. అన్నయ్య సెల్లు లాక్కుని పెళ్ళికొడుక్కే ఫోను చేశాను.

"ఎక్కడున్నారండీ?" అన్నాడాయన.

"నీళ్ళ దగ్గరండీ!"

"ఏ నీళ్ళండీ?"

కొల్లేట్లో ఆ ప్రశ్నకి ఏం జవాబు చెప్పను? "చుట్టూ నీళ్ళేనండీ! గట్టు తెగిపోయిందండీ! ఊరు ఎటుందో కూడా తెలియట్లేదండీ!" అని గొంతు చించుకున్నాను. అవతల చప్పుడు లేదు. ఇంకేముంది, గోడ మళ్ళీ గోడ అయిపోయిందనుకున్నాను.

"గంట కొడతానండీ. ఎటు వినబడితే అటు రండి" అన్నాడు. సిగ్నలు పోయింది.

కాసేపటికి కుడివైపునుంచి, నీళ్ళమీదుగా, గణగణా వినబడింది. ఆగితే ఒట్టు! దగ్గర్లో దోనెలో వల తీస్తున్నాయన తలెత్తి, "అది లంక చర్చి గంటేనండీ. కారులో అయితే వెనక్కెళ్ళి ఏలూరు మీంచి రావాలి. దోనె మీద అడ్డంగా పోతే దగ్గరేనండీ" అన్నాడు.

"మమ్మల్ని దింపుతారా అండీ?" అన్నాను.

"తెల్లచీరతో చేపల దోనె ఎక్కుతావే?" అని అన్నయ్య నెత్తి కొట్టుకున్నాడు.

"ఎక్కుతాను! నువ్వూ, నీ మేడమూ ఇక్కడే ఉండండి!" అని చెప్పులు చేతపట్టి దోనెలోకి దిగాను. మేనత్త "ప్రభువా, ప్రభువా" అంటూ నా వెనకే దిగింది. దోనె కదులుతుంటే కారులోంచి "మేక్ ఎ యూటర్న్" అని వినబడింది.

జమ్ము గడ్డి మనిషెత్తు ఉంది, ఏమీ కనబడదు. గంట వినబడిన వైపే దోనె పోతోంది. మధ్యలో గంట ఆగింది. అయ్యగారు వెళ్ళిపోయారా? పెళ్ళి లేదన్నారా? ఇంతలో మళ్ళీ మోగింది. నాకు తెలియకుండానే "వస్తున్నానండీ!" అని కేకేశాను. దోనె ఆయన నవ్వాడు.

జమ్ము దాటగానే ఒడ్డు, చర్చి, పెళ్ళిజనం. గంట స్తంభం దగ్గర, కోటు విప్పేసి, టై భుజం మీదికి తోసేసి, చొక్కా చెమటతో తడిసిపోయి, తాడు లాగుతున్నది పెళ్ళికొడుకే. అయ్యగారు స్కూటరు మీద కూర్చునే ఉన్నారు. నన్ను చూసి దిగారు.

చీర కుచ్చిళ్ళకి బురద, ఒళ్ళంతా చేపల వాసన. అలాగే లోపలికి నడిచాను. పాట అయ్యాక అయ్యగారు కుడిచేతులు పట్టుకోమన్నారు. పట్టుకుంటే ఆయన అరచేయి చెమ్మగా తగిలింది. చూద్దును కదా, బొబ్బలు చిట్లి చర్మం లేచిపోయి ఉంది.

"కాసేపు ఎవరికైనా ఇవ్వొచ్చు కదండీ తాడు!" అని గొణిగాను.

ఆయన నేల చూస్తూనే అన్నాడు: "రమ్మన్నది నేను కదండీ."

"ఈ మనుష్యుని నీ భర్తగా..." అని అయ్యగారు మొదలుపెట్టారు. ప్రశ్న పూర్తి కానివ్వలేదు నేను. ఒప్పుకుంటున్నానండీ అని గట్టిగా అనేశాను. చర్చంతా గొల్లున నవ్వింది.